గ్లోమెరులస్ జబ్బులు: కొత్త డాక్టర్లకు నేర్పడంలో ఎక్కడ తేడా కొడుతోంది?

నెఫ్రాలజీలో (కిడ్నీ వైద్య విభాగంలో) కొత్తగా చేరిన డాక్టరును గ్లోమెరులస్ జబ్బుల గురించి, అంటే కిడ్నీలో రక్తాన్ని వడపోసే చిన్న చుట్టలకు వచ్చే జబ్బుల గురించి అడిగి చూడండి. గుక్క తిప్పుకోకుండా ఒక జాబితా అప్పజెబుతారు: మినిమల్ చేంజ్, ఎఫ్‌ఎస్‌జీఎస్, మెంబ్రేనస్, ఐజీఏ నెఫ్రోపతీ, లూపస్, ఆంకా వాస్క్యులైటిస్, సీ3 గ్లోమెరులోపతీ. పరీక్ష గట్టెక్కడానికి అది చాలు. ఒళ్ళంతా వాపుతో వచ్చిన మనిషి ఎదురుగా కూర్చున్నప్పుడు మాత్రం ఆ జాబితా పెద్దగా అక్కరకు రాదు.

ఇందులో డాక్టర్ల తప్పు తక్కువ. ఈ జబ్బులకు పేర్లు పెట్టిన తీరే అలా ఉంది. నెఫ్రోటిక్ సిండ్రోమ్ అనేది రోగిలో కనిపించేదానికి పెట్టిన పేరు: వాపు, మూత్రంలో రోజుకు 3.5 గ్రాములు దాటిన ప్రొటీన్, రక్తంలో పడిపోయిన ఆల్బుమిన్. మెంబ్రేనస్ అనేది మైక్రోస్కోపులో కనిపించేదానికి పెట్టిన పేరు. లూపస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే దాడి చేసే జబ్బు) నెఫ్రైటిస్ అన్నప్పుడు మూలకారణం చెబుతున్నాం. ఆంటీ జీబీఎం అన్నప్పుడు దాడి చేస్తున్న యాంటీబాడీని చెబుతున్నాం. మినిమల్ చేంజ్ అయితే మామూలు మైక్రోస్కోపులో దాదాపు ఏమీ కనబడలేదని చెప్పే పేరు. ఒకే రోగికి వీటిలో మూడు ఒకేసారి వర్తించవచ్చు. నెఫ్రోటిక్ సిండ్రోమ్‌తో వచ్చిన అమ్మాయికి బయాప్సీ చేస్తే మెంబ్రేనస్ మార్పులు కనబడతాయి, వాటికి మూలం లూపస్ అని తేలుతుంది. పుస్తకంలో మాత్రం ఇవి మూడు వేర్వేరు అధ్యాయాలు. దగ్గు, న్యుమోనియా, దానికి కారణమైన బాక్టీరియా, ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి మూడు జబ్బులని నేర్పితే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంది.

కాబట్టి మొదట చేయాల్సిన పని ఆ జాబితాను విడగొట్టడం. అందుకు శరీర నిర్మాణం కొంచెం గుర్తు చేసుకోవాలి. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల గ్లోమెరులస్‌లు ఉంటాయి. ఒక్కొక్కటీ సన్నటి రక్తనాళాల చిన్న చుట్ట. అన్నీ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి. ఆ వడపోత గోడలో మూడు పొరలు: రక్తం వైపు చిల్లులున్న ఎండోథీలియం, మధ్యలో బేస్‌మెంట్ మెంబ్రేన్ (ఆంటీ జీబీఎంలో దాడి జరిగేది దీని మీదే), బయటి వైపు సన్నటి పాదాలతో గోడను అల్లుకుని ఉండే పోడోసైట్ కణాలు. దెబ్బ పోడోసైట్ వైపు తగిలితే ప్రొటీన్ కారిపోతుంది, ఇన్‌ఫ్లమేషన్ పెద్దగా ఉండదు. రక్తం వైపు తగిలితే తెల్లకణాలు పోగవుతాయి, గోడ చిట్లి ఎర్రకణాలు మూత్రంలోకి జారుతాయి, బీపీ పెరుగుతుంది, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తగ్గితే రక్తంలో పెరిగే వ్యర్థం) ఎక్కుతుంది. కారణాలు ఎన్ని ఉన్నా దెబ్బతిన్న గ్లోమెరులస్ స్పందించే తీరులు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. అందుకే మైక్రోస్కోపులో ఒకేలా కనిపించే మార్పుల వెనక పూర్తిగా వేర్వేరు జబ్బులు ఉంటాయి.

ఎఫ్‌ఎస్‌జీఎస్‌నే తీసుకోండి. కొన్ని గ్లోమెరులస్‌లలో, వాటిలోనూ కొంత భాగంలో మచ్చ కట్టిందని మాత్రమే ఆ రిపోర్టు చెబుతుంది. రక్తంలో తిరుగుతున్న ఏదో పదార్థం పోడోసైట్లను దెబ్బతీయడం వల్ల ఆ మచ్చ రావచ్చు. బాగా లావైన మనిషిలోనో, పుట్టుకతో ఒకే కిడ్నీ ఉన్నవారిలోనో గ్లోమెరులస్‌ల మీద మోయలేనంత భారం పడి రావచ్చు. జన్యులోపం వల్లా రావచ్చు. వంశపారంపర్యంగా కిడ్నీనీ చెవినీ దెబ్బతీసే ఆల్పోర్ట్ సిండ్రోమ్‌కు కారణమయ్యే కొలాజెన్ జన్యువుల్లో తేడా ఉన్నవారి బయాప్సీ కొన్నిసార్లు అచ్చం ఇలాగే ఉంటుంది. మొదటి రకానికి నెలల తరబడి స్టెరాయిడ్లు అవసరం పడతాయి. మిగతా రెండింటికి అవే స్టెరాయిడ్లు ఇస్తే షుగరు, ఇన్‌ఫెక్షన్లు, గుల్లబారిన ఎముకలు తప్ప మిగిలేదేమీ ఉండదు. రిపోర్టులో ఆ పేరు కనబడగానే ప్రిస్క్రిప్షన్ రాయడం అలవాటైన డాక్టరు రోగికి హాని చేసేది ఇలాంటిచోటే. వాపు ఉన్నట్టుండి వచ్చిందా, ఏళ్ళ తరబడి మెల్లగా పెరిగిందా? ఆల్బుమిన్ పడిపోయిందా, మామూలుగానే ఉందా? ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పోడోసైట్ పాదాలు అంతటా చదునైపోయాయా, అక్కడక్కడానా? ఇంట్లో ఎవరికైనా చెవుడో, కిడ్నీ జబ్బో ఉందా? జబ్బును తేల్చేవి ఈ ప్రశ్నలు.

మూత్రాన్ని మన కళ్ళతో చూడటం

మూత్రంలో రక్తకణాలు కనబడిన రోగి చాలాసార్లు ముందు యూరాలజిస్టు దగ్గరికి వెళ్తారు. స్కానింగ్, సిస్టోస్కోపీ (గొట్టంతో బ్లాడర్ లోపల చూడటం) అయ్యాక, రాయీ లేదు గడ్డా లేదని తేలాక నెఫ్రాలజిస్టు దగ్గరికి వస్తారు. వయసు పైబడినవారిలో, సిగరెట్ తాగేవారిలో ఆ పరీక్షలు తప్పవు. అయితే పాతికేళ్ళ కుర్రాడి విషయంలో ఒక్క గాజు స్లైడు ముందే దారి చూపించగలదు.

ల్యాబ్ రిపోర్టులో ఎర్రకణాలు 20 నుంచి 25 అని ఉంటుంది. అవి ఏ ఆకారంలో ఉన్నాయో చాలాసార్లు ఉండదు. ఆకారం తెలియాలంటే డాక్టరే చూడాలి. అప్పుడే పట్టిన మూత్రం 10 మిల్లీలీటర్లు ట్యూబులో పోసి ఐదు నిమిషాలు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైనున్నది వంచేసి, అడుగున మిగిలిన అర మిల్లీలీటరును మెల్లగా కదిపి, ఒక చుక్క స్లైడు మీద వేయాలి. లెన్సు ముందు తక్కువ పవర్‌లో ఉంచి కవర్‌స్లిప్ అంచుల వెంట వెతకాలి, ఎందుకంటే కాస్టులు (కిడ్నీలోని సన్నటి గొట్టాల్లో అచ్చుపోసినట్టు గట్టిపడిన ముద్దలు) అంచుల దగ్గర చేరతాయి. మూత్రనాళం లేదా బ్లాడర్ నుంచి వచ్చిన ఎర్రకణాలు గుండ్రంగా, అన్నీ ఒకేలా ఉంటాయి. గ్లోమెరులస్ గోడను దూరి వచ్చినవి నలిగిపోయి ఉంటాయి. వాటిలో కొన్ని ఉంగరంలా మారి, పక్కన చెవుల్లాంటి బుడిపెలతో కనిపిస్తాయి. వీటిని అకాంతోసైట్లు అంటారు. ఎర్రకణాల్లో వీటి వాటా 5 శాతం ఉన్నా రక్తం గ్లోమెరులస్ నుంచే వస్తోందని గట్టిగా అనుమానించవచ్చు. ఎర్రకణాలు నిండిన కాస్టు ఒక్కటి దొరికితే ఇక సందేహమే అక్కర్లేదు.

ఇది నేర్చుకోవడానికి ఖరీదైన పరికరాలేమీ అవసరం లేదు. కావాల్సింది పక్కన కూర్చుని చూపించే సీనియర్, తాజా మూత్రం. గంటల తరబడి బల్ల మీద ఉండిపోయిన శాంపిల్‌లో కాస్టులు కరిగిపోతాయి, కణాలు పగిలిపోతాయి. రౌండ్స్ అయ్యాక తీరిగ్గా చూద్దామనుకుంటే చూడ్డానికి ఏమీ మిగలదు. నా లెక్కలో ట్రైనింగ్‌లో మొదటి నెల అంతా ఈ ఒక్క పని మీద పెట్టినా దండగ కాదు. చాలా చోట్ల దీనికి ఒక మధ్యాహ్నం క్లాసుతో సరిపెట్టేస్తున్నారు.

రక్తపరీక్షల్లో కాంప్లిమెంట్ ప్రొటీన్లు (రోగనిరోధక వ్యవస్థలో భాగమైన సీ3, సీ4 లాంటివి) కూడా ఇలాగే దారి చూపిస్తాయి. సీ3, సీ4 రెండూ పడిపోతే లూపస్ లేదా క్రయోగ్లోబులిన్ల (చల్లబడితే గడ్డకట్టే యాంటీబాడీల) వైపు చూడాలి. సీ3 ఒక్కటే పడిపోతే ఇన్‌ఫెక్షన్ తర్వాత వచ్చిన నెఫ్రైటిస్ కావచ్చు, సీ3 గ్లోమెరులోపతీ కావచ్చు. మొదటిదైతే సాధారణంగా రెండు మూడు నెలల్లో సీ3 మళ్ళీ మామూలుకు వస్తుంది. రాకపోతే రెండోదాన్ని వెతకాలి. ఐజీఏ నెఫ్రోపతీ, ఆంకా (చిన్న రక్తనాళాలను దెబ్బతీసే యాంటీబాడీలు), ఆంటీ జీబీఎం జబ్బుల్లో ఇవి దాదాపు మామూలుగానే ఉంటాయి.

బయాప్సీ రిపోర్టులో ఉండేవీ ఉండనివీ

సూదితో కిడ్నీ ముక్క తీసే పద్ధతిని ఇవర్సన్, బ్రూన్ అనే డాక్టర్లు 1951లో ప్రచురించారు. గ్లోమెరులస్ జబ్బుల గురించి ఇవాళ మనకు తెలిసిన దానిలో చాలా భాగం అక్కడి నుంచి వచ్చిందే. 1968లో పారిస్‌లో జాన్ బెర్జే, నికోల్ ఎంగ్లే ఇమ్యూనోఫ్లోరసెన్స్ (కణజాలంలో పేరుకున్న యాంటీబాడీలను మెరిసేలా చేసి చూసే పద్ధతి) సాయంతో గ్లోమెరులస్‌లో ఐజీఏ అనే యాంటీబాడీ పేరుకుపోయి మెరవడం చూపించారు. మామూలు మైక్రోస్కోపు ఒక్కదానితోనే చూసి ఉంటే ఆ జబ్బు వేరే జబ్బుల్లో కలిసిపోయేది.

తీసిన ముక్కను మూడు వాటాలు చేస్తారు. మామూలు మైక్రోస్కోపుకు వెళ్ళేది ఫార్మలిన్‌లో, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు వెళ్ళేది గ్లుటరాల్డిహైడ్‌లో, ఇమ్యూనోఫ్లోరసెన్స్‌కు వెళ్ళేది దానికని తయారుచేసిన వేరే ద్రావణంలో. హడావుడిలో మొత్తం ఫార్మలిన్‌లో పడేస్తే ఇమ్యూనోఫ్లోరసెన్స్ కష్టమైపోతుంది. ఇలాంటి చిన్న విషయాలు పుస్తకం చదివితే తలకెక్కవు. ముక్క తీసిన గదిలో నిలబడి, అందులో ఎర్రటి చుక్కల్లా గ్లోమెరులస్‌లు ఉన్నాయో, లేక గ్లోమెరులస్‌లు ఉండని లోపలి పొర మాత్రమే వచ్చిందో లెన్సు కింద చూసినవారికే పట్టుబడతాయి. చాలా చోట్ల బయాప్సీ రేడియాలజిస్టుల చేతుల్లోకి వెళ్ళిపోయింది. రోగి భద్రత దృష్ట్యా అందులో తప్పు పట్టడానికి లేదు. కాకపోతే సూది పట్టని నెఫ్రాలజిస్టుకు ముక్క నాణ్యతను పసిగట్టే చూపు కూడా లేకుండా పోతుంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

నాణ్యత ఎందుకంత ముఖ్యమో చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. ఒక రోగి కిడ్నీలో పదింట ఒక గ్లోమెరులస్‌కు మాత్రమే మచ్చ ఉందనుకుందాం. ముక్కలో 10 గ్లోమెరులస్‌లు వస్తే, మచ్చ ఉన్నది ఒక్కటి కూడా అందులో పడకపోయే అవకాశం 35 శాతం. 20 వస్తే అది 12 శాతానికి దిగుతుంది. అంటే 10 గ్లోమెరులస్‌లతో మినిమల్ చేంజ్ అని వచ్చిన రిపోర్టు వెనక ఎఫ్‌ఎస్‌జీఎస్ దాక్కుని ఉండవచ్చు. పైగా ఆ మచ్చలు మొదట లోపలి పొరకు దగ్గరగా ఉన్న గ్లోమెరులస్‌లలో వస్తాయి. పైపైన తీసిన ముక్కలో అవి చిక్కవు. స్టెరాయిడ్‌కు లొంగని మినిమల్ చేంజ్ రోగి ఎదురైనప్పుడు ఈ లెక్క తెలిసిన జూనియర్ ముందుగా పాత రిపోర్టు తీసి గ్లోమెరులస్‌లు ఎన్ని వచ్చాయో చూస్తారు.

రిపోర్టు చివర్లో ఉండే ఇంకో సంగతి కూడా చాలామంది చదవకుండా వదిలేస్తారు. దెబ్బ ఎంత కొత్తది, ఎంత పాతది అన్నది. కొత్త క్రెసెంట్లు (గ్లోమెరులస్ చుట్టూ నెలవంకలా పేరుకున్న కణాలు), కణాల గుంపులు, నెక్రోసిస్ (కణజాలం చచ్చిపోవడం) ఉంటే మందుకు తగ్గే జబ్బు ఉన్నట్టు. మచ్చకట్టిన గ్లోమెరులస్‌లు, ఎండిపోయిన ట్యూబ్యూల్స్ (మూత్రం ప్రవహించే సన్నటి గొట్టాలు), నారలా మారిన కణజాలం ఉంటే ఆ భాగం ఇక తిరిగి రాదు. చికిత్స నిర్ణయానికి జబ్బు పేరు ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం. ఐజీఏకు ఆక్స్‌ఫర్డ్ వర్గీకరణ, లూపస్‌కు ఆరు తరగతుల వర్గీకరణ వచ్చింది ఇలాంటివాటిని ఒక కొలతకు తేవడానికే. పాథాలజిస్టు పక్కన ఇద్దరు ఒకేసారి చూడగల మైక్రోస్కోపు దగ్గర కూర్చుని, రోగి కథ తాను చెబుతూ, స్లైడు కథ వారితో చెప్పించుకున్న జూనియర్‌కు ఈ తేడా కళ్ళకు కడుతుంది. పీడీఎఫ్‌లో ఆఖరి లైను మాత్రమే చదివేవారికి ఎప్పటికీ పట్టుబడదు.

ఈ మధ్య కొన్ని జబ్బుల్లో బయాప్సీ అవసరమే తగ్గుతోంది. మెంబ్రేనస్ రోగుల్లో సుమారు 70 శాతం మందికి పీఎల్‌ఏ2ఆర్ అనే ప్రొటీన్ మీద యాంటీబాడీలు ఉంటాయని 2009లో తేలింది. నెఫ్రోటిక్ సిండ్రోమ్ ఉండి, కిడ్నీ పనితీరు బాగుండి, ఈ యాంటీబాడీ పాజిటివ్ అయితే బయాప్సీ లేకుండానే జబ్బును నిర్ధారించవచ్చని 2021 నాటి కేడిగో (కిడ్నీ వైద్యానికి మార్గదర్శకాలు ఇచ్చే అంతర్జాతీయ సంస్థ) మార్గదర్శకాలు చెప్పాయి. పిల్లల్లో నెఫ్రోటిక్ సిండ్రోమ్‌కు మొదట్లో బయాప్సీ చేయకపోవడం పాత పద్ధతే. వారిలో ఎక్కువమంది నాలుగు వారాల స్టెరాయిడ్‌కే లొంగుతారు.

మందు ఇవ్వడం, ఆగడం

కొత్త డాక్టర్లలో రెండు రకాల టెన్షన్ ఉంటుంది. ఏమీ చేయకపోతే కిడ్నీ పోతుందన్న టెన్షన్, చేస్తే ఇన్‌ఫెక్షన్‌తో మనిషే పోతాడన్న టెన్షన్. రెండూ నిజమే. ఏ రోగి విషయంలో ఏది ఎక్కువ నిజమో చెప్పగలగడమే ఇక్కడ నేర్చుకోవాల్సిన పని.

క్రియాటినిన్ రోజురోజుకూ ఎక్కుతూ, మూత్రంలో ఎర్రకణాల కాస్టులు కనబడుతూ, దగ్గితే రక్తం పడుతున్న రోగి విషయంలో గంటలు కూడా లెక్కే. ఇన్‌ఫెక్షన్ లేదని చూసుకుని, ఆంకా, ఆంటీ జీబీఎం రిపోర్టుల కోసం ఎదురుచూడకుండా స్టెరాయిడ్ పల్స్ (కొద్ది రోజులు సిరలోకి ఇచ్చే పెద్ద డోసు) మొదలుపెట్టాలి. ఆంటీ జీబీఎం ఏడాదికి పది లక్షల మందిలో ఒకరికి వచ్చే జబ్బు. ట్రైనింగ్ మొత్తంలో ఒక్కటి కూడా తగలకపోవచ్చు. అయినా వచ్చిన రోజున గుర్తుపట్టి తీరాలి.

మెంబ్రేనస్ దీనికి పూర్తిగా రివర్స్. సుమారు మూడో వంతు మందిలో జబ్బు దానంతట అదే తగ్గుతుంది. కిడ్నీ పనితీరు బాగుండి, ప్రమాద సూచనలు లేకపోతే బీపీ మందులు, ఉప్పు తగ్గించడం, నీరు లాగే మాత్రలతో కొన్ని నెలలు ఆగడం సరైన వైద్యం. ఆగడం అంటే వదిలేయడం కాదు. ఆల్బుమిన్ బాగా పడిపోయిన మెంబ్రేనస్ రోగికి కాళ్ళ సిరల్లో, కిడ్నీ సిరలో రక్తం గడ్డకట్టే ముప్పు ఉంటుంది. రక్తం పలచబడే మందు ఇవ్వాలా వద్దా అని ఆ నెలల్లోనే తేల్చుకోవాలి.

స్టెరాయిడ్ల విషయంలో పరిశోధనలే పెద్ద పాఠం నేర్పాయి. ఐజీఏ రోగుల మీద జరిగిన టెస్టింగ్ అనే ట్రయల్‌లో మొదట రోజుకు కేజీకి 0.6 నుంచి 0.8 మిల్లీగ్రాముల మిథైల్‌ప్రెడ్నిసొలోన్ ఇచ్చారు. తీవ్రమైన ఇన్‌ఫెక్షన్లు రావడంతో 2015లో ఆపాల్సివచ్చింది. డోసు 0.4కు తగ్గించి, న్యుమోసిస్టిస్ అనే ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్ రాకుండా యాంటీబయాటిక్ కలిపి మళ్ళీ మొదలుపెట్టారు. 2022లో వచ్చిన ఫలితాల్లో కిడ్నీకి మేలు నిలబడింది, తగ్గించిన డోసుతో ముప్పు తగ్గింది. ఆంకా రోగుల మీద జరిగి 2020లో వెలువడిన పెక్సివాస్ ట్రయల్‌లోనూ ఇలాంటి ఫలితమే వచ్చింది. ఆరు నెలల్లో ఇచ్చే మొత్తం స్టెరాయిడ్‌ను మామూలు డోసులో 60 శాతం కంటే తక్కువకు దించినా కిడ్నీ విషయంలో నష్టం కనబడలేదు, తీవ్రమైన ఇన్‌ఫెక్షన్లు తగ్గాయి.

అందుకే ఇమ్యూనోసప్రెషన్ (రోగనిరోధక శక్తిని అణిచే చికిత్స) ప్రిస్క్రిప్షన్ అంటే ఒక్క మందు రాయడంతో అయిపోయేది కాదు. రిటుక్సిమాబ్ ఇచ్చే ముందు హెపటైటిస్ బీ చూశారా? దాగి ఉన్న టీబీ సంగతేమిటి? టీకాలు ఇప్పుడు వేయాలా, తర్వాతా? సైక్లోఫాస్ఫమైడ్ ఇవ్వబోతున్న పాతికేళ్ళ అమ్మాయితో పిల్లల విషయం ఎవరైనా మాట్లాడారా? మైకోఫెనొలేట్ వాడుతుండగా గర్భం వస్తే బిడ్డకు లోపాలు రావచ్చని ఆమెకు తెలుసా? రౌండ్స్‌లో ఈ ప్రశ్నలు జూనియర్ల నోటి నుంచి రావాలి. సాధారణంగా సీనియర్ అడిగాక గుర్తుకొస్తాయి.

కొత్త మందుల జోరు వీటన్నింటినీ ఇంకా కష్టం చేస్తోంది. ఐజీఏ ఒక్కదానికే అమెరికా నియంత్రణ సంస్థ 2021లో పేగుల్లో విడుదలయ్యే బుడెసొనైడ్‌కు, 2023లో స్పార్సెంటాన్‌కు, 2024లో ఇప్టకోపాన్‌కు అనుమతి ఇచ్చింది. బట్టీపట్టిన చికిత్స పట్టిక ట్రైనింగ్ పూర్తయ్యేలోపే పాతబడిపోతోంది. ఏ మందు వ్యాధి ప్రక్రియలో ఎక్కడ అడ్డుపడుతుందో అర్థమైన డాక్టరుకు కొత్త మందు వస్తే ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

ఫలితం చూడకుండా నేర్చుకోవడం

అసలు లోపం ఇక్కడ ఉందని నాకనిపిస్తుంది. పెద్దవాళ్ళలో మినిమల్ చేంజ్ స్టెరాయిడ్‌కు స్పందించడానికి 16 వారాల దాకా పట్టవచ్చు. మెంబ్రేనస్‌లో యాంటీబాడీ ముందు తగ్గుతుంది, ప్రొటీన్ నెలల తర్వాత దిగుతుంది. ఐజీఏలో తప్పొప్పులు ఏళ్ళ తర్వాత బయటపడతాయి. జూనియర్ మాత్రం నెలకో రెండు నెలలకో వార్డు మారిపోతారు. బయాప్సీ రోజున ఉంటారు, మందు మొదలుపెట్టిన రోజున ఉంటారు, ఏమైందో తెలిసే రోజున ఉండరు. తమ నిర్ణయం తప్పో ఒప్పో తెలియకుండానే వంద నిర్ణయాలు తీసుకుంటారు. అలా వచ్చే ఆత్మవిశ్వాసం చాలా ప్రమాదకరం.

కేసులు తక్కువ అనే సమస్యకు పరిష్కారాలు కొంతవరకు వచ్చాయి. గ్లోమ్‌కాన్ లాంటి ఆన్‌లైన్ వేదికల్లో పాథాలజిస్టులు, నెఫ్రాలజిస్టులు ఎక్కడెక్కడి కేసులనో స్లైడులతో సహా చర్చిస్తారు. పెద్ద సెంటర్ అందుబాటులో లేని జూనియర్‌కు ఇది నిజంగా పెద్ద సాయం. అయితే గంటలో ముగిసే చర్చ రెండేళ్ళు పట్టే ఫలితాన్ని చూపించలేదు. దానికి చేరిన రోజు నుంచి ట్రైనింగ్ ముగిసేదాకా ఒక్కో జూనియర్‌కు ఒక పదిమంది గ్లోమెరులస్ రోగులను ఓపీలో అప్పగించడం తప్ప వేరే దారి నాకు కనబడటం లేదు. ఏ వార్డులో డ్యూటీ ఉన్నా ఆ పదిమందిని చూసే బాధ్యత మారకూడదు.

దాంతోపాటు ఇంకొక్క పని. బయాప్సీ రిపోర్టు వచ్చిన రోజునే జూనియర్ తన అంచనాను ఫైల్లో రాసిపెట్టాలి: ఆరు నెలలకు ప్రొటీన్ ఎంత ఉంటుంది, ఏడాదికి క్రియాటినిన్ ఎంత, అలా ఎందుకు అనుకుంటున్నాను. గడువు రాగానే తెరిచి చూడాలి. అంచనా తప్పితే మూడు దారులుంటాయి: రోగనిర్ధారణ తప్పు కావచ్చు, మచ్చ ఎంతుందో తక్కువ అంచనా వేసి ఉండవచ్చు, లేదా రోగి మందులు మానేసి ఉండవచ్చు. మూడోది మనం అనుకునేదానికన్నా ఎక్కువ. ముఖం గుండ్రంగా ఉబ్బిపోయిందని, మొటిమలు వచ్చాయని స్టెరాయిడ్ ఆపేసిన కుర్రాళ్ళు ఆ మాట డాక్టరుకు చెప్పరు. అడిగే తీరు తెలిసినవారికే చెబుతారు.

ట్రైనింగ్ ముగించి వెళ్ళేటప్పుడు ఆ పదిమందిని తర్వాతి జూనియర్‌కు అప్పగిస్తూ ఒక్కొక్కరి గురించి ఒక పేజీ రాయించాలి. బయాప్సీలో కొత్త దెబ్బ ఎంత, పాత మచ్చ ఎంత. ఇప్పటిదాకా ఇచ్చిన సైక్లోఫాస్ఫమైడ్ మొత్తం ఎన్ని గ్రాములు, ఎందుకంటే జీవితకాలంలో 36 గ్రాములు దాటితే క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది, ఆ లెక్క రోగికి గుర్తుండదు. జబ్బు తిరగబెట్టినప్పుడు మొదట ఏం కనబడింది, వాపా, మూత్రంలో నురుగా, మూత్రంలో ముంచి ప్రొటీన్ చూసే పట్టీ అయిన డిప్‌స్టిక్‌లో ప్లస్సులా. ఇంట్లో డిప్‌స్టిక్‌తో పొద్దున మూత్రం చూసుకోవడం వారికి నేర్పారా, వరసగా మూడు రోజులు మూడు ప్లస్సులు వస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలో రాసిచ్చారా.